కబురు చేస్తామన్నారు... ఆ తర్వాత?

ఉద్యోగం దొరికినవాళ్ళు మా ఆసుపత్రికి నవ్వుతూ వస్తారు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాలి కదా! కళ్ళు, చెవులు, బరువు, రక్తపోటు చూసి, సంతకం పెట్టి పంపిస్తాం. ఉద్యోగం రాలేదని తేలిపోయినవాళ్ళు నాలుగు రోజులు బాధపడి, అయిదో రోజు ఇంకో దరఖాస్తు పెట్టుకుంటారు. వాళ్ళు మా దగ్గరికి పెద్దగా రారు. ఈ రెండు రకాలూ కాక మూడో రకం ఒకటుంది. వాళ్ళకి ఇంటర్వ్యూ అయిపోయింది. బాగానే చేశారు. "సరే, మీకు కబురు చేస్తాం" అన్నారు అవతలివాళ్ళు. ఆ కబురు రాదు. మీకు ఉద్యోగం లేదు అనీ చెప్పరు. ఓ.పి. చీటీ పట్టుకుని మా వరండాలో కూర్చునేది ఎక్కువగా ఈ మూడో రకం వాళ్ళే.

ఈ వారం ఆ జబ్బు గురించి రాస్తున్నాను. ఏ వైద్యగ్రంథంలోనూ దీనికి పేరు లేదు. కాని లక్షణాలున్నాయి, కారణముంది, మందు కూడా ఉంది. ఆ మందు మాత్రం మందుల షాపులో దొరకదు.

లక్షణాలు

ఆ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. (ఎవరో తెలియకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.) ఇంజనీరింగు చదివింది. వయసు 24. గుండె దడ, నిద్ర పట్టదు, అన్నం సహించదు. పక్కనే కూర్చున్న తల్లి, "గుండె జబ్బేమోనండీ డాక్టరు గారూ, మా మామగారికి ఉండేది" అంటోంది. నాడి చూశాను. ఇ.సి.జి. తీయించాను. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాను. ఆడపిల్లల్లో గుండె దడకి రక్తహీనత, థైరాయిడ్ రెండూ కారణాలు కావచ్చు. అవి చూడకుండా "ఉత్త బెంగేలే" అని పంపించెయ్యడం వైద్యం కాదు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"రాత్రిపూట ఫోను ఎక్కడ పెట్టుకుని పడుకుంటావమ్మా?" అని అడిగాను.

"దిండు కింద, డాక్టరు గారూ."

"ఎందుకని?"

"ఇంటర్వ్యూ అయి ఆరు వారాలైందండీ. వారంలో చెబుతామన్నారు. రెండింటికీ మూడింటికీ లేచి మెయిలు చూసుకుంటున్నాను."

"మరి నువ్వు వాళ్ళని అడిగావా?"

చెయ్యరాని పని ఏదో చెయ్యమన్నట్టు చూసింది నావంక. "అడిగితే చులకనైపోమాండీ? ఉద్యోగానికి మొహం వాచి ఉన్నామనుకోరూ?"

ఈ ప్రశ్న నేను చాలామంది నోట విన్నాను. మగపిల్లలైతే మరో రకంగా చెబుతారు: "తీసుకోవాలనుంటే వాళ్ళే పిలుస్తారు సార్." వినడానికి ఆత్మాభిమానంగానే ఉంటుంది. కాని వాళ్ళ ఆత్మాభిమానం మాట వాళ్ళ కడుపు వినదు. అది ఆమ్లం ఊరిస్తూనే ఉంటుంది.

కారణం

మన శరీరం ఆపద వస్తే ఎదుర్కోవడానికి తయారైంది. పాము కనిపించిందనుకోండి. ఎడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణశక్తి మందగిస్తుంది. దాని వెనకే కార్టిసోల్ అనే హార్మోను పెరుగుతుంది. పాము వెళ్ళిపోగానే కాసేపటికి అన్నీ మామూలైపోతాయి. ఇదంతా మనల్ని కాపాడే ఏర్పాటే. చిక్కల్లా ఎక్కడంటే, పాము ఉందో లేదో తెలియనప్పుడు. అప్పుడు ఈ ఏర్పాటు ఆగదు. మామూలుగా కార్టిసోల్ తెల్లవారుజామున పెరిగి రాత్రికి తగ్గాలి. ఆదుర్దా రోజుల తరబడి సాగితే ఆ లయ చెడుతుంది. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే ఆదుర్దా ఇంకా పెరుగుతుంది.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 45 మందిని కూర్చోబెట్టి కంప్యూటరు మీద ఒక ఆట ఆడించారు. తెర మీద రాళ్ళుంటాయి. ఒక్కో రాయి కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. వాళ్ళకి ఎంత చెమట పట్టింది, కంటిపాప ఎంత పెద్దదయింది కొలిచారు. షాకు తప్పదని ఖాయంగా తెలిసినప్పుడు కాదు, తగలడానికీ తప్పడానికీ సగం సగం అవకాశం ఉన్నప్పుడు అందరికంటె ఎక్కువ ఒత్తిడి కనిపించింది. అంటే దెబ్బ తగులుతుందన్న నిశ్చయం కంటె, తగులుతుందో లేదో అన్న అనుమానమే ఒంటికి ఎక్కువ బరువు.

"లేదు" అన్న జవాబు కంటె, జవాబే లేకపోవడం ఆరోగ్యానికి ఎక్కువ చేటు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

నా సంగతి

1994లో, హౌస్ సర్జన్సీ అయిపోయాక, ఒక ప్రైవేటు నర్సింగ్‌హోములో డ్యూటీ డాక్టరు ఉద్యోగానికి నేనూ ఇంటర్వ్యూకి వెళ్ళాను. అది ఏ ఊళ్ళోదో ఇప్పుడు అనవసరం. వాళ్ళూ "కబురు చేస్తాం" అన్నారు. నెల దాటింది. సైకిలు బెల్లు వినిపిస్తే పోస్టుమానేమోనని వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. మా నాన్నగారు ఇదంతా చూసి, పోస్టాఫీసుకి వెళ్ళి జవాబు కార్డు కొనుక్కొచ్చారు. ఈ కాలం పిల్లలకి తెలియకపోవచ్చు: జంట కార్డు అది. ఒక సగం మీద మనం రాస్తాం. రెండో సగం మీద మన చిరునామా రాసి, జవాబు కోసం ఖాళీగా వదిలేస్తాం. "వాళ్ళు చెయ్యవలసిన శ్రమ తగ్గించరా, జవాబు అదే వస్తుంది" అన్నారు నాన్నగారు.

ఆరో రోజున జవాబు వచ్చింది. వేరొకరిని తీసుకున్నామని ఒక్క ముక్క. బాధ కలిగింది, కాదనను. కాని ఆ రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. మర్నాడు పొద్దున్నే ఇంకో రెండు చోట్లకి దరఖాస్తులు రాశాను. జవాబు కోసం కాచుకున్న ఆ నెలరోజుల్లో ఒక్కటైనా రాయబుద్ధి కాలేదు!

అడగడం వల్ల ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. అడగడం వల్ల జవాబు వస్తుంది. ఉద్యోగం ఇవ్వడం మానడం వాళ్ళ ఇష్టం. జవాబు అడగడం మన హక్కు. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. వాకబు వేరు, పైరవీ వేరు. "నా దరఖాస్తు ఏ దశలో ఉందండీ?" అనడం వాకబు. "మా బాబాయి ఫలానా వారికి తెలుసండీ" అనడం పైరవీ. మొదటిదానికి సిగ్గుపడనక్కరలేదు.

మందు, మోతాదు

ఏ మందైనా మోతాదు ప్రకారం వాడాలి. తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే విషం.

మొదటి మోతాదు ఇంటర్వ్యూ గదిలోనే వేసుకోవాలి. లేచేముందు మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి: "ఫలితం ఎప్పటిలోగా తెలుస్తుందండీ? తెలియకపోతే ఎవరిని అడగమంటారు?" ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెచ్చుకున్నవాడికి సగం జబ్బు రానే రాదు.

రెండోది ఆ రోజో మర్నాడో. ఇంటర్వ్యూ చేసినందుకు కృతజ్ఞతలు చెబుతూ రెండు మూడు వాక్యాల మెయిలు. మన ఊళ్ళలో ఇది అలవాటు లేదు. తప్పేమీ కాదు, ఖర్చు లేదు.

మూడోది వాళ్ళు చెప్పిన తేదీ దాటి అయిదు పనిదినాలయ్యాక. తేదీ చెప్పకపోతే ఇంటర్వ్యూ అయిన రెండు వారాలకి. ఉత్తరం ఇంతకంటె పొడుగు ఉండనక్కరలేదు: "ఫలానా తేదీన ఫలానా ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూ చేశారు. 15వ తేదీలోగా ఫలితం తెలుపుతామన్నారు. ఎంపిక ఏ దశలో ఉందో దయచేసి తెలియజేయగలరు. ఇంకేమైనా కాగితాలు కావాలంటే పంపుతాను." కింద పేరు, ఫోను నంబరు. కష్టాలు రాయవద్దు. "మా ఇంట్లో పరిస్థితి బాగా లేదు" అన్న మాట నిజమే కావచ్చు. కాని అది చదివేవారిని ఇబ్బంది పెడుతుందే తప్ప మీకు సాయపడదు.

నాలుగోది మరో వారం పోయాక. ఒక్కసారి ఫోను చెయ్యండి. సోమవారం పొద్దున్నే వద్దు, భోజనాల వేళ వద్దు. పేరు, ఉద్యోగం, తేదీ ముందే కాగితం మీద రాసుకుని, రెండు నిమిషాల్లో ముగించండి. మాట్లాడేది మీరే కావాలి. నాన్నగారితోనో అన్నయ్యతోనో చేయించవద్దు. పెళ్ళిచూపుల తర్వాత కబురు పెద్దలు అడగాలేమో గాని, ఉద్యోగం కబురు ఎవరిది వాళ్ళే అడగాలి.

అంతటితో సరి. అప్పటికీ పలకకపోతే పుస్తకంలో ఆ కంపెనీ పేరు ఎదురుగా "ముగిసింది" అని మీ చేత్తో రాసి, తేదీ వెయ్యండి. వాళ్ళు తలుపు వెయ్యకపోతే మీరే వెయ్యండి. తర్వాత ఎప్పుడో పిలిస్తే మంచిదే. రోజూ వాట్సాప్‌లో సందేశాలు, గేటు దగ్గర కాపలా, అధికారి ఇంటికి ఫోను - ఇవన్నీ మోతాదు మించడమే.

ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ఆలస్యానికి మనకి తెలియని కారణాలు చాలా ఉంటాయి. మొదట ఎంపికైనవాడు పాత కంపెనీలో రెండు మూడు నెలల నోటీసు గడువులో ఉండి, చివరికి రాకపోవచ్చు. పోస్టుకి మంజూరు ఆగి ఉండవచ్చు. సంతకం పెట్టవలసినాయన సెలవులో ఉండవచ్చు. కాబట్టి మౌనమంటే తిరస్కారమనీ అనుకోవద్దు, అంగీకారమనీ అనుకోవద్దు. అడిగి తెలుసుకోండి. అడిగేముందు మీ మెయిల్‌లో స్పామ్ అన్న అర కూడా ఒకసారి వెతకండి. ఫోనులో రీఛార్జి ఉందో లేదో చూసుకోండి.

నేను చెప్పిన అమ్మాయి మర్నాడే నాలుగు వాక్యాలు రాసి పంపింది. ఎంపిక ఇంకా పూర్తి కాలేదు, నెలాఖరుకి చెబుతామని జవాబు వచ్చింది. ఉద్యోగం రాలేదు, పోలేదు. ఒక తేదీ వచ్చింది, అంతే. దడ తగ్గింది, ఫోను దిండు కింద నుంచి హాల్లోకి వెళ్ళింది.

సర్కారు ఉద్యోగాలైతే

సర్వీసు కమిషన్ల వంటి చోట్ల ఫోనులో బతిమాలి ప్రయోజనం లేదు. ఫలితాలు ప్రకటనల ద్వారానే వస్తాయి. నోటిఫికేషన్‌లో ఇచ్చిన వెబ్‌సైటు వారానికి రెండు రోజులు, వేళ పెట్టుకుని చూస్తే చాలు. అసలు కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్ సి ఉద్యోగాలకీ, గ్రూప్ బి లో గెజిటెడ్ కాని ఉద్యోగాలకీ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. "ఇంటర్వ్యూలో మార్కులు వేయిస్తాను" అని ఎవడైనా వస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి.

ప్రభుత్వ కార్యాలయం ఎంతకీ పలకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. నా దరఖాస్తు ఏ దశలో ఉంది, ఖాళీలు భర్తీ చేశారా అని సమాచార అధికారికి రాయవచ్చు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికైతే రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవారికి రుసుము లేదు. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కరలేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆ కార్యాలయంలోనే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ప్రైవేటు కంపెనీలకి మాత్రం ఈ మార్గం పనికిరాదు.

పథ్యం

మందు వాడుతూ పథ్యం చెయ్యకపోతే గుణమివ్వదు. కబురు కోసం కాచుకునే రోజుల్లో ఈ పథ్యం చెయ్యండి.

ఫోను రాత్రి వేరే గదిలో ఉండాలి. మెయిలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. ఏ కంపెనీ అయినా ఉద్యోగమివ్వాలనుకుంటే, మీరు అర్ధరాత్రి చూడలేదని మానుకోదు.

కాఫీ, టీ మధ్యాహ్నంతో ఆపండి. తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం సుమారు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. రోజుకి ఎనిమిది టీలు తాగి, కడుపు మంటకి గ్యాస్ మాత్రలు మింగి, నిద్రకి మరో మాత్ర వెతుక్కునే కుర్రవాళ్ళని చూస్తున్నాను. నిద్రమాత్రలు డాక్టరు చీటీ లేకుండా ఎవరి దగ్గరా తీసుకోవద్దు. అలవాటు పడితే మానడం కష్టం.

రోజుకో వేళాపట్టిక ఉండాలి. ఆస్ట్రియాలో మారియెంటాల్ అనే ఊళ్ళో మిల్లు మూతపడి ఊరంతా పని పోగొట్టుకుంటే, 1930ల తొలినాళ్ళలో పరిశోధకులు వెళ్ళి చూశారు. 1933లో ప్రచురించారు. పని లేదు కాబట్టి తీరిక బోలెడు. అయినా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేవారు తగ్గిపోయారు. మగవాళ్ళ నడక కూడా మందగించింది. కాలం చేతినిండా ఉన్నా దేనికీ చెయ్యి ఆడదు. కాబట్టి లేచే వేళ, స్నానం వేళ, భోజనం వేళ మారనివ్వకండి. పొద్దున అరగంట నడక. రోజుకి రెండు గంటలు కొత్త దరఖాస్తులకి కేటాయించండి. ఒక్క చోటు మీదే ఆశ పెట్టుకుంటే ఆదుర్దా ఎక్కువ. నాలుగు చోట్ల పంచితే దాని బరువు తగ్గుతుంది.

ఇంట్లో పెద్దలకి కూడా పథ్యముంది. రోజూ సాయంత్రం గుమ్మంలోనే "ఏమన్నా తెలిసిందిరా?" అని అడగకండి. తెలిస్తే వాడు చెప్పడా? అడగాలనుకుంటే ఆదివారం పొద్దున ఒక్కసారి అడగండి. మిగతా రోజుల్లో వేరే కబుర్లు చెప్పుకోండి.

ఇంకో హెచ్చరిక. జవాబు కోసం మొహం వాచి ఉన్నవాళ్ళని మోసగాళ్ళు ఇట్టే పసిగడతారు. "మీరు సెలక్టయ్యారు, సెక్యూరిటీ డిపాజిట్టు కట్టండి" అని ఫోను వస్తే నమ్మవద్దు. ఇంటర్వ్యూ చేసిన కార్యాలయానికి మీరే నేరుగా ఫోను చేసి నిర్ధారించుకోండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకి ఫిర్యాదు చెయ్యండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

అన్నిటినీ బెంగ మీదికి నెట్టెయ్యవద్దు. కడుపులో పుండు ఆదుర్దా వల్లే పడుతుందని ఒకప్పుడు అనుకునేవారు. అసలు ముఖ్యకారణాల్లో ఒకటి హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి అని 1980లలో తేలింది. అది కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ బహుమతి ఇచ్చారు. దానికి మందులున్నాయి. కడుపునొప్పి తగ్గకపోయినా, విరేచనం నల్లగా అయినా, బరువు తగ్గుతున్నా, ఛాతీలో నొప్పితో చెమటలు పట్టినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి రండి.

రెండు వారాలకి పైగా ఏ పని మీదా మనసు లేకపోవడం, నేనెందుకూ పనికిరానన్న భావం, బతకడం ఎందుకన్న ఆలోచన - ఇవి ఉంటే అది ఇంటర్వ్యూ బెంగ దాటిపోయిందన్నమాట. దానికి మంచి చికిత్స ఉంది. 2022లో ప్రారంభమైన టెలిమానస్‌కి 14416 నంబరు మీద ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోను చెయ్యవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

చివరిగా, ఉద్యోగాలిచ్చే పెద్దలకి ఒక మనవి. మీరు పదిమందిని పిలిచి ఒకరిని తీసుకుంటారు. మిగతా తొమ్మిదిమందికీ "ఈసారి తీసుకోలేకపోతున్నాం" అని రెండు వాక్యాలు పంపించండి. నా అల్మరాలో ఉన్న ఏ మాత్ర కంటే ఆ రెండు వాక్యాలు ఎక్కువమందికి నిద్ర పట్టిస్తాయి. వాళ్ళు పంపేదాకా మాత్రం, ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలారా, సిగ్గుపడకండి. మర్యాదగా, మోతాదు ప్రకారం, అడగండి.